భుజం కీలు మార్పిడి తర్వాత మొండి నొప్పి: సీఆర్‌పీ మామూలుగా ఉంటే ఇన్ఫెక్షన్ లేనట్టేనా?

ఎముకలగూడు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. చర్చ కోసం ఒక కేసు ఊహించి పెడుతున్నా. 58 ఏళ్ల మగమనిషి, రివర్స్ షోల్డర్ (బంతి, గిన్నె స్థానాలు తారుమారు చేసి పెట్టే కృత్రిమ భుజం కీలు) చేసి 11 నెలలు. మొదటి అయిదారు నెలలు చెయ్యి బాగానే లేచింది. తర్వాత మెల్లమెల్లగా నొప్పి, బిగుతు. జ్వరం లేదు, కుట్లు శుభ్రంగా మానాయి, ఎరుపు వాపు ఏమీ లేవు. ఒంట్లో వాపుని (ఇన్‌ఫ్లమేషన్) చూపే రక్తపరీక్షల్లో ఈఎస్ఆర్ 16, సీఆర్‌పీ లీటరుకి 4 మి.గ్రా., తెల్లకణాలు మామూలే. ఎక్స్‌రేలో హ్యూమరల్ స్టెమ్ (చేతి ఎముకలోకి దింపిన లోహపు కాడ) చుట్టూ సన్నటి నల్లగీత, ఉందా లేదా అన్నట్టుంది. కీలు నీరు తీయబోతే సూదిలోకి చుక్క కూడా రాలేదు.

ఇన్ఫెక్షన్ లేదని ఫైలు మూసేయొచ్చా? మూయకూడదంటే తర్వాత ఏం చేయాలి?

---

పెట్రీప్లేటు

మూయకూడదు. మీరు రాసినదంతా "లేదు, లేదు, మామూలే" అనే జాబితా. భుజంలో ఈ జాబితా ఊరటనిచ్చేది కాదు. కొన్ని ఇన్ఫెక్షన్లు కనిపించే తీరే ఇది.

మోకాలు, తుంటి మార్పిడిలో ఎక్కువగా చూసేది స్టెఫిలోకోకస్‌లని. భుజంలో వాటితో పాటు, చాలాసార్లు వాటికంటే ముందు, క్యూటీబాక్టీరియం ఏక్నెస్ వస్తుంది. పాత పేరు ప్రొపియోనిబాక్టీరియం ఏక్నెస్. 2016లో పేరు మార్చారు, పాత రిపోర్టుల్లో ఆ పేరే కనిపిస్తుంది కాబట్టి రెండూ గుర్తుపెట్టుకోవాలి. మొటిమల దగ్గర వినే సూక్ష్మజీవి ఇదే. చర్మంలో నూనెగ్రంథుల లోతుల్లో కాపురం. భుజం, వీపు పైభాగం, చంక చుట్టుపక్కల దండిగా ఉంటుంది, ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ. పైన ఎంత రుద్దినా గ్రంథి అడుగుకి మందు చేరదు. కత్తి చర్మాన్ని కోసినప్పుడే ఆ గ్రంథులూ తెగుతాయి, అక్కడినుంచి చేతితొడుగుకి, పనిముట్టుకి, ఇంప్లాంటుకి అంటుకుంటుంది.

ఇది బాగా నెమ్మదిగా పెరుగుతుంది, ఒళ్లంతా వేడెక్కించదు, లోహం మీద బయోఫిల్మ్ (జిగట పొర) కట్టుకుని కూర్చుంటుంది. చాప కింద నీరు అంటారే, అచ్చం అదే. అందుకే సీఆర్‌పీ ఉలకదు పలకదు.

---

డెల్టాయిడ్

పెట్రీప్లేటు గారితో ఏకీభవిస్తూ, ఒక జాగ్రత్త. ఇన్ఫెక్షన్ అనుమానం మనసులో పడ్డాక మిగతావి మర్చిపోతాం. రివర్స్ తర్వాత కొత్తగా నొప్పి వస్తే ఎక్రోమియన్ లేదా స్కాపులర్ స్పైన్‌లో (రెక్క ఎముక పైభాగాలు) ఒత్తిడి వల్ల పగులు ఉందేమో చూడాలి. వేలితో ఎముక మీద నొక్కితే ఒకే చోట నొప్పి, ఎక్స్‌రేలో దొరక్కపోతే సీటీ. గ్లీనాయిడ్ (రెక్క ఎముకలోని గిన్నె) వైపు బిగించిన లోహపు బేస్‌ప్లేటు కదిలిందా, స్క్రూ విరిగిందా, నరం నొక్కుకుపోయిందా, ఇవీ జాబితాలో ఉండాలి.

ఎక్స్‌రేలు ఒక్కటి కాదు, ఆపరేషన్ అయిన వారంలో తీసినదాని నుంచి వరసగా పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒక్క ఫిల్ములో "ఉందా లేదా" అనిపించే గీత వరసలో చూస్తే పెరుగుతోందో లేదో తేలిపోతుంది. ఏడాది తిరగకుండానే స్టెమ్ వదులవుతోందంటే, మరో కారణం రుజువయ్యేదాకా ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలి. ఎముక స్కాన్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు, మొదటి ఏడాది ఆపరేషన్ తాలూకు మార్పులకే వెలిగిపోతుంది.

---

నల్లబల్ల

చిన్న సందేహం. నొప్పి అంత పెద్దగా లేదు కాబట్టి ముందు ఓ రెండు వారాలు నోటి మాత్రల యాంటీబయాటిక్ ఇచ్చి, తగ్గుతుందేమో చూస్తే పోదా? తగ్గితే ఇన్ఫెక్షన్ అని తెలిసినట్టే కదా.

---

పెట్రీప్లేటు

> ముందు ఓ రెండు వారాలు యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తే

ఈ చర్చలో ఎవరైనా ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటే అది ఇదే కావాలి: నమూనాలు తీయకముందు మాత్ర పడకూడదు. బయోఫిల్మ్‌లో ఉన్నది చావదు, బయట తేలుతున్నది మాత్రం చస్తుంది. నొప్పి కాస్త తగ్గినట్టు ఉంటుంది, ఆపగానే తిరిగొస్తుంది. ఈలోపు కల్చర్లో పెరగాల్సింది పెరగదు, "ఏమీ రాలేదు" అని రిపోర్టు వస్తుంది, అది నమ్మి కొత్త కీలు పెడతారు. ఇప్పటికే ఎవరో మాత్రలు మొదలుపెట్టి ఉంటే, రోగి నిలకడగా ఉన్నంతవరకు కనీసం 2 వారాలు ఆపి అప్పుడు నమూనాలు తీయాలి.

జ్వరం, చలి, బీపీ పడిపోవడం లాంటివి ఉంటే ఈ లెక్క వర్తించదు. అప్పుడు రక్తం కల్చర్లు తీసి, వీలైతే కీలు నీరు కూడా అదే గంటలో తీసి, వెంటనే మందు మొదలుపెట్టాల్సిందే.

---

ఎముకలగూడు

నీరు రాలేదు కదా సార్. సెలైన్ ఎక్కించి మళ్లీ లాగితే?

---

డెల్టాయిడ్

సెలైన్ ఎక్కించి లాగితే కణాల లెక్క పలచబడి పనికిరాదు, కల్చర్ విలువా తగ్గుతుంది. భుజంలో సూదికి ఏమీ రాకపోవడం మామూలే, వచ్చినా కొద్దిగానే వస్తుంది. మళ్లీ ప్రయత్నిస్తే అల్ట్రాసౌండ్ లేదా ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే) కింద చేయండి. మత్తుమందు చర్మం వరకే, కీలు లోపలికి వద్దు. లిగ్నోకైన్‌కి, అందులో కలిపే నిల్వ పదార్థాలకి సూక్ష్మజీవుల్ని అణిచే గుణం ఉంది. ఒక్క మిల్లీలీటరే వస్తే మొత్తం కల్చర్‌కే. ఇంకాస్త వస్తే ఈడీటీఏ ఉన్న ఊదామూత ట్యూబులో కణాల లెక్కకి.

నీరు తీసి కల్చర్ చేస్తే ఏమీ రాకపోయినా ఏక్నెస్ లేదని చెప్పలేం. అనుమానం గట్టిగా ఉంటే ఆర్థ్రోస్కోపీతో (చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి) కణజాలం ముక్కలు తీయడం ఇంకా మేలు. గ్లీనాయిడ్, స్టెమ్ వదులయ్యాయా అన్నదీ కళ్లతో చూసినట్టవుతుంది.

---

మరుగునీళ్లు (థియేటర్)

ముక్కలు ఎలా తీస్తారన్నది సర్జన్లు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, తప్పులన్నీ జరిగేది అక్కడే. అందుకని కాస్త వివరంగా.

బల్ల మీద ముందే 6 స్టెరైల్ డబ్బాలు, 6 ఫోర్సెప్స్, 6 బ్లేడ్లు వేరుగా పెట్టుకోవాలి. ఒక్కో ముక్కకి ఒక్కో జత, వాడినదాన్ని మళ్లీ బల్ల మీదికి రానివ్వకూడదు. 5 లేదా 6 ముక్కలు, ఒక్కోటి సెంటీమీటరు మందాన: క్యాప్సూల్ (కీలు చుట్టూ ఉండే సంచి), గ్లీనాయిడ్ వెనక పొర, స్టెమ్ తీశాక ఎముక గొట్టం లోపలి పొర, ఇంప్లాంటు కాలర్ కింద పొర, ఇంకెక్కడ అనుమానంగా ఉంటే అక్కడ. చర్మం అంచు నుంచి, పాత మచ్చ నుంచి తీయొద్దు. అక్కడ ఏక్నెస్ ఎలాగూ ఉంటుంది, లేనిపోని గందరగోళం. దూది పుల్లతో తుడిచి పంపడం అసలే వద్దు, దానికి అంటుకునేది చాలా తక్కువ.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రమాదం: పక్కనే పాథాలజీ కోసం ఫార్మలిన్ డబ్బాలు ఉంటాయి. హడావిడిలో కల్చర్ ముక్క అందులో పడితే అయిపోయింది, ఇక అందులోంచి ఏదీ పెరగదు. ఫార్మలిన్ డబ్బాలు వేరే ట్రాలీలో, వేరే రంగు స్టిక్కరుతో ఉంచాలి. కల్చర్ ముక్కలన్నీ మూతలు బిగించాకే ఆ ట్రాలీ దగ్గరికి రావాలి.

డబ్బాలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చేతికిచ్చి వెంటనే ల్యాబ్‌కి పంపాలి.

---

మందులచీటి

రివిజన్ (కీలు తిరిగి మార్చే) ఆపరేషన్లో ముక్కలు తీసేదాకా, కోతకి ముందు ఇచ్చే సెఫజోలిన్ యాంటీబయాటిక్ కూడా ఆపాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారు.

---

డెల్టాయిడ్

తుంటి, మోకాలు మీద జరిగిన అధ్యయనాల్లో కోతకి ముందు ఇచ్చే ఒక్క డోసు వల్ల కల్చర్ ఫలితం పెద్దగా దెబ్బతినలేదు. ఏక్నెస్ అనుమానం బలంగా ఉన్నప్పుడు ముక్కలు తీసేవరకు ఆపి, ఆఖరి డబ్బా మూత పడగానే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నా ఓటు ఇచ్చేయడానికే. కొత్త ఇన్ఫెక్షన్ తెచ్చుకునే ప్రమాదం అసలైనది. రెండు వారాల మాత్రల కోర్సు వేరు, ఈ ఒక్క డోసు వేరు.

---

పెట్రీప్లేటు

నా ఓటు మాత్రం ఆపడానికే :) కానీ దీనిమీద పోట్లాడుకోం.

ల్యాబ్ వైపు సంగతులు. రొటీన్‌గా కల్చర్‌ని 5 రోజులకి పారేస్తారు. ఏక్నెస్‌కి అది చాలదు, 14 రోజులు ఉంచాలి. అభ్యర్థన చీటీ మీద రాయకపోతే ఎవరూ ఉంచరు. గాలి తగలని వాతావరణంలో ప్లేట్లు, పక్కన థయోగ్లైకొలేట్ లాంటి ద్రవ మాధ్యమం. ప్లేట్లని రోజూ బయటికి తీసి చూస్తే పెరుగుదల దెబ్బతింటుంది. ద్రవం చివరిదాకా తేటగా ఉన్నా 14వ రోజు దాన్ని ప్లేటు మీద పోసి చూడాలి. తేటగా ఉందని పారేస్తే కొన్ని తప్పిపోతాయి.

ఇంకో ఉచ్చు ఉంది. గ్రామ్ రంగు వేస్తే ఇది వంకరటింకర సన్నటి కడ్డీల్లా కనిపిస్తుంది, చర్మం మీద మామూలుగా ఉండే డిఫ్తెరాయిడ్ల లాగే. "డిఫ్తెరాయిడ్లు, చర్మపు కాలుష్యం కావచ్చు" అని రాసి వదిలేసిన రిపోర్టు వస్తే, సర్జన్ ఫోన్ తీసి ఏ జాతో తేల్చమని అడగాలి. జాతిని గుర్తుపట్టే మాల్డీటాఫ్ యంత్రం ఉన్న చోట నిమిషాల పని.

రిపోర్టులో మూడు విషయాలు ఉండాలి: ఎన్ని ముక్కల్లో ఎన్నింటిలో పెరిగింది, ఒక్కోటి ఎన్నో రోజు పెరిగింది, మందులకి లొంగుతుందా.

---

నల్లబల్ల

5 ముక్కల్లో ఒక్కదాంట్లో 12వ రోజు వచ్చిందనుకోండి. అది నిజమా, కాలుష్యమా?

---

పెట్రీప్లేటు

ఒక్కదాంట్లోనే, అదీ ద్రవ మాధ్యమంలో మాత్రమే, 12వ రోజు అంటే కాలుష్యం వైపే మొగ్గు. 3 ముక్కల్లో, ప్లేటు మీదే, వారంలోపు అంటే నిజమైన ఇన్ఫెక్షన్ వైపు. ఒకే రోజు అదే థియేటర్ నుంచి వచ్చిన ఇతర కేసుల ముక్కల్లోనూ అదే కనిపిస్తే ముందు మన చేతులవైపు చూసుకోవాలి.

2018లో ఫిలడెల్ఫియాలో జరిగిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ సమావేశం భుజానికి విడిగా ఒక లెక్క ఇచ్చింది. చర్మం బయటికి దారి పడటం, కీలులో కంటికి కనిపించే చీము, తీవ్రమైన ఒకే రకం సూక్ష్మజీవి రెండు ముక్కల్లో రావడం: వీటిలో ఏది ఉన్నా ఖాయం. లేకపోతే మార్కులు. అనుకోకుండా గాయం కారడం 4. హ్యూమరల్ వైపు వదులు 3. ఫ్రోజెన్ సెక్షన్‌లో (ఆపరేషన్ మధ్యలోనే ముక్కని గడ్డకట్టించి మైక్రోస్కోపులో చూడటం) కనీసం 5 చోట్ల చోటుకి 5 న్యూట్రోఫిల్స్ (చీములో ఉండే తెల్లకణాలు) 3. ముందే తీసిన నీటిలో పెరిగితే 3. ఏక్నెస్ లాంటి మెతక సూక్ష్మజీవి ఒక్క ముక్కలో వస్తే 1 మాత్రమే, రెండో ముక్కలోనూ అదే వస్తే 3. సీఆర్‌పీ 10 దాటితే 2, ఈఎస్ఆర్ 30 దాటితే 2, నీటిలో తెల్లకణాలు 3000 దాటితే 2, న్యూట్రోఫిల్స్ 80 శాతం దాటితే 2, ఆల్ఫా డిఫెన్సిన్ (ఆ కణాలు విడిచే ప్రొటీన్) పెరిగితే 2, నీరు మసకగా ఉంటే 2. 6 లేదా పైన వచ్చి సూక్ష్మజీవి కూడా దొరికితే "బహుశా ఇన్ఫెక్షనే", దొరక్కపోతే "కావచ్చు".

ఎముకలగూడు గారి కేసుకి అన్వయిస్తే: వదులు ఖాయమైతే 3, రెండో ముక్కలోనూ ఏక్నెస్ వస్తే 3. రక్తపరీక్షలకి సున్నా మార్కులు పడినా 6 అక్కడికే వచ్చేసింది. ఫ్రోజెన్ సెక్షన్‌లో ఏమీ కనిపించకపోతే మాత్రం నిశ్చింతగా ఉండొద్దు, ఏక్నెస్ ఎక్కువ న్యూట్రోఫిల్స్‌ని పిలవదు.

---

డెల్టాయిడ్

ఇక చికిత్స. ఇక్కడ ఒకే సమాధానం ఉందన్నవాళ్లని నేను నమ్మను.

ఆపరేషన్ అయిన 4 నుంచి 6 వారాల లోపు, లేదా ఎక్కడినుంచో రక్తం ద్వారా వచ్చి లక్షణాలు మొదలై 3 వారాలు దాటకపోతే, ఇంప్లాంటు గట్టిగా ఉంటే: తెరిచి, కుళ్లినదంతా తీసేసి, కడిగి, స్టెమ్‌ని ఉంచేయొచ్చు. మార్చగలిగినవన్నీ మార్చాలి. రివర్స్‌లో గ్లీనోస్ఫియర్ (లోహపు బంతి), పాలిథిలీన్ లైనర్ (ప్లాస్టిక్ గిన్నె). వాటిని విప్పితేనే వెనక సందు శుభ్రమవుతుంది, లైనర్ ఉంచి కడగడం పైపై పని. సెలైన్ 6 నుంచి 9 లీటర్లు. పోవిడోన్ అయోడిన్ వాడితే 10 శాతం స్టెరైల్ ద్రావణం 17.5 మి.లీ.ని 500 మి.లీ. సెలైన్‌లో కలిపి 0.35 శాతం చేసి, 3 నిమిషాలు ఉంచి కడిగేయాలి. సీసాలోది తిన్నగా పోయకూడదు.

మన కేసు 11 నెలలది. ఇన్ఫెక్షన్ ఖాయమై, స్టెమ్ వదులని తేలితే బయోఫిల్మ్ ముదిరినట్టే. ఇంప్లాంటు బయటికి రావాల్సిందే. ఒకే ఆపరేషన్లో తీసి కొత్తది పెట్టడమా, స్పేసర్ (మందు కలిపిన సిమెంట్‌తో చేసే తాత్కాలిక కీలు) పెట్టి కొన్ని వారాల తర్వాత రెండోదా? సూక్ష్మజీవి ముందే తెలిసి, అది మందులకి లొంగేదై, ఎముక, కండ బాగుంటే ఒకే దఫా చేసేవాళ్లు పెరిగారు. చీము కారే దారి ఉన్నా, మొండి సూక్ష్మజీవి అయినా, ఎముక బాగా పోయినా రెండు దఫాలే.

స్పేసర్ సిమెంట్‌కి 40 గ్రాముల పొడికి వాంకోమైసిన్ 2 నుంచి 4 గ్రాములు, అవసరాన్నిబట్టి టోబ్రామైసిన్ లేదా జెంటామైసిన్. అన్నీ పొడి రూపంలోనే. ఇంజెక్షన్ ద్రవం కలిపితే సిమెంట్ గట్టిపడటం దెబ్బతింటుంది. ఇంత మోతాదు స్పేసర్‌కే, కొత్త ఇంప్లాంటు అతికించే సిమెంట్‌లో ఇన్ని గ్రాములు వేస్తే బలం పోతుంది. మూత్రపిండాల పరీక్ష మర్చిపోవద్దు.

---

మందులచీటి

మందుల దగ్గర చాలామంది జారిపడే చోటు ఒకటి. "గాలి లేకుండా పెరిగే బాక్టీరియా" అనగానే చెయ్యి మెట్రోనిడజోల్ వైపు వెళుతుంది. ఏక్నెస్‌కి అది పనిచేయదు, పుట్టుకతోనే నిరోధకత. రాసినవాళ్లకి మర్యాదగా ఫోన్ చేయండి.

పనిచేసేవి: పెన్సిలిన్ జీ, సెఫ్ట్రియాక్సోన్ రోజుకి 2 గ్రాములు సిరలోకి. తర్వాత నోటిద్వారా ఎమాక్సిసిలిన్ లేదా డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకి రెండుసార్లు. క్లిండామైసిన్ కూడా ఉంది, కానీ మొటిమలకి ఏళ్ల తరబడి వాడినందువల్ల నిరోధకత కనిపిస్తోంది, ల్యాబ్ రిపోర్టు చూశాకే. నీళ్ల విరేచనాలు మొదలైతే ఆపి సీ. డిఫిసిల్ (యాంటీబయాటిక్ వాడాక పేగుల్లో పెరిగే బాక్టీరియా) పరీక్ష.

ఎముక, కీలు ఇన్ఫెక్షన్లలో మొదటి 6 వారాలు నోటి మందులు సిర మందులకి తీసిపోవని 2019లో వచ్చిన ఓవీవా అధ్యయనం చూపించింది. సిరలో గొట్టం పెట్టుకుని వారాలు గడపాల్సిన పని అందరికీ లేదు. మొత్తం ఎన్నాళ్లన్నది 6 వారాల నుంచి 3 నెలల మధ్య, ఇంప్లాంటు ఉంచారా తీశారా అన్నదాన్ని బట్టి.

రిఫాంపిసిన్ స్టెఫిలోకోకస్ ఉండి ఇంప్లాంటు ఉంచేసిన చోట విలువైనది. ఒంటరిగా ఎప్పుడూ ఇవ్వొద్దు, రోజుల్లో నిరోధకత వస్తుంది. గాయం ఎండి, డ్రైన్ తీశాకే మొదలుపెట్టాలి. రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్, ఎపిక్సబాన్, రివరాక్సబాన్, గర్భనిరోధక మాత్రలు, కొన్ని షుగర్ మాత్రలు, వీటన్నిటి బలం తగ్గించేస్తుంది. మూత్రం నారింజరంగులో వస్తుందని ముందే చెప్పకపోతే రోగి భయపడి మానేస్తాడు. డాక్సీసైక్లిన్‌ని పాలు, ఐరన్, యాంటాసిడ్‌లతో కలిపి వేసుకోకూడదు, కనీసం 2 గంటల తేడా. గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు.

---

కుడిచెయ్యి (ఫిజియో)

రాకుండా చూసుకునే సంగతి ఎవరూ ఎత్తలేదు.

---

మరుగునీళ్లు (థియేటర్)

ఎత్తుతున్నా. క్లోర్‌హెక్సిడిన్ స్నానం మంచిదే, కానీ ఏక్నెస్ మీద దాని ప్రభావం అంతంతమాత్రం. బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతం జెల్ నూనెగ్రంథిలోకి దిగగలదు. ఆపరేషన్‌కి ముందు 2, 3 రోజులు భుజం ముందు, వెనక, చంక దాకా పలచగా రాసి ఆరనివ్వాలి. తగ్గించే మాట నిజమే, పూర్తిగా తుడిచిపెట్టదు. పుండు, గీరిన చోట్ల రాయకూడదు. రంగు బట్టలు, తువ్వాళ్లు తెల్లమచ్చలు పడతాయి, పాత తెల్ల బనియన్ వేసుకోమని చెప్పాలి. చంక వెంట్రుకలు రేజర్‌తో గీయొద్దు, అవసరమైతే క్లిప్పర్‌తోనే.

సెఫజోలిన్ 2 గ్రాములు, 120 కిలోలు దాటితే 3, కోతకి ముందు 60 నిమిషాల లోపు పడాలి. 4 గంటలు దాటితే మళ్లీ. వాంకోమైసిన్ అయితే నెమ్మదిగా ఎక్కించాలి కాబట్టి 2 గంటల ముందే మొదలు. "చిన్నప్పుడు పెన్సిలిన్‌కి దద్దుర్లు" అన్నంతమాత్రాన సెఫజోలిన్ ఎగరగొట్టొద్దు, దాని పక్కగొలుసు వేరు. చర్మం కోసిన బ్లేడుని పక్కన పడేసి లోపలికి కొత్తది. ఇంప్లాంటు డబ్బా తెరిచే ముందు అందరూ తొడుగులు మార్చాలి.

---

డెల్టాయిడ్

కోతకి ముందు ఇంకో రెండు: ఆ భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే 3 నెలలు ఆగాలి. షుగర్ అదుపులో లేకపోతే ఆపరేషన్ వాయిదా. తర్వాత రక్తం గడ్డ పేరుకోనివ్వకూడదు, అది సూక్ష్మజీవికి విందు.

---

కుడిచెయ్యి (ఫిజియో)

స్లింగ్‌లో చెయ్యి ఒంటికి అంటుకుని ఉంటే చంక చెమటతో నాని పాచిపోతుంది. కోత కింది చివర అక్కడే. నడుం వంచి చెయ్యి కిందికి వేలాడనిస్తే చంక తెరుచుకుంటుంది, అప్పుడు తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, మధ్యలో పలచటి కాటన్ గుడ్డ పెట్టాలి. చేతిని పక్కకి ఎత్తి శుభ్రం చేయబోతే కుట్టిన సబ్‌స్కాపులారిస్ కండరం మీద లాగు పడుతుంది.

వారం దాటాక కూడా గాయం కారుతుంటే ఇంట్లో డ్రెస్సింగ్ మారుస్తూ కూర్చోకూడదు, ఆ రోజే సర్జన్ చూడాలి. పైన మార్కుల్లో అదొక్కదానికే 4.

---

నల్లబల్ల

పంటి పని చేయించుకునే ప్రతిసారీ యాంటీబయాటిక్ వేసుకోవాలా?

---

మందులచీటి

మామూలుగా అక్కర్లేదు. కీలు మార్పిడి ఉన్నవాళ్లకి దంతవైద్యానికి ముందు రొటీన్‌గా ఇవ్వాల్సిన పని లేదని అమెరికన్ దంతవైద్య సంఘం 2015లోనే చెప్పింది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల విషయం సర్జన్ విడిగా నిర్ణయిస్తారు.

---

ఎముకలగూడు

చాలా ఉపయోగపడింది. అయితే క్రమం ఇదీ: మందు ఇవ్వకుండా, ఎక్స్‌రేలు వరసలో పెట్టి, సీటీ తీసి, ఆర్థ్రోస్కోపీలో 5 ముక్కలు. ఒక్కటే మిగిలింది. ల్యాబ్ చీటీ మీద ఏం రాయాలి? మాటల్లో చెబితే షిఫ్టు మారగానే పోతుంది.

---

మరుగునీళ్లు (థియేటర్)

చీటీ మీద, ప్రతి డబ్బా మీదా కూడా: "భుజం ఇంప్లాంటు. 5లో 1వ ముక్క, క్యాప్సూల్. గాలి ఉన్న, గాలి లేని కల్చర్లు రెండూ. క్యూటీబాక్టీరియం కోసం 14 రోజులు ఉంచండి. ముందు పారేయొద్దు. యాంటీబయాటిక్ ఆఖరి డోసు: తేదీ, సమయం." రెండో డబ్బాకి 5లో 2, అలా. నంబరు లేకపోతే ల్యాబ్‌లో అయిదింటినీ ఒకే గిన్నెలో కలిపి నూరే ప్రమాదం ఉంది.

---

పెట్రీప్లేటు

దానికింద సర్జన్ ఫోన్ నంబరు కూడా. 8వ రోజు ఏదైనా కనిపిస్తే 14వ రోజు దాకా ఆగకుండా అప్పుడే చెబుతాం.